మైకులో చదివిన పాసుబుక్కు

కూలి డబ్బు చేతిలో పెట్టడం పాత పద్ధతి, బ్యాంకులో వేయడం కొత్త పద్ధతి. కొత్తది వద్దనేవాడు లెక్క రానివాడన్నా అయ్యుండాలి, దొంగలెక్క రాసేవాడన్నా అయ్యుండాలి అని మొన్న ఒక పిల్లవాడు నా ముఖం మీదే అన్నాడు. బ్యాంకులో కొత్తగా గుమస్తాగా చేరాడట. ఎమ్మిగనూరు బస్టాండులో సోడా తాగుతూ చాలా తేలిగ్గా అన్నాడు. కోపం వస్తే నాకు నోరు తిరగదు. కాగితం ముందు కూచుంటే తిరుగుతుంది. ఇది అతనికి నా జవాబు. ఆ వయసు వాళ్ళు ఇంకెవరు చదివినా మంచిదే, ముఖ్యంగా రేపు పరాయివాళ్ళ డబ్బు తమ బల్ల మీదుగా పోయే ఉద్యోగాల్లో చేరబోయేవాళ్ళు.

నాకు లెక్క వచ్చు. ఎమ్మిగనూరులో మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఇంత నూలుకు ఎన్ని గజాలు, అన్ని గజాలకు ఎంత కూలి అని మా నాయన మగ్గం గుంతలో నుంచే అడిగేవాడు, నేను నోటితోనే చెప్పాలి. బడి ఏడో తరగతితో సరి. తర్వాత ఒక మండీలో ఊడుస్తూ, నీళ్ళు మోస్తూ, పక్కన కూచున్నవాళ్ళను చూసి చిట్టా ఆవర్జాలు రాయడం నేర్చుకున్నాను. ఇక దొంగలెక్క సంగతికొస్తే, నేను నా జీవితంలో చూసిన దొంగలెక్కలన్నీ అచ్చు వేసిన ఫారాల మీద, చక్కటి చేతిరాతలోనే ఉన్నాయి.

డెబ్భైలలో ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో కూలి గుమస్తాగా చేరాను. పత్తి కాలంలో ఆ ఊళ్ళో దూది నుసి పడని వస్తువుండదు. తాగే టీలో కూడా తేలేది. మిల్లులో పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మిషన్లకు పత్తి పెట్టేవాళ్ళు కొందరు, పత్తిలో ఆకు, చెత్త, పుచ్చు ఏరేవాళ్ళు కొందరు. ఊళ్ళోని ముస్లింల ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు, పెద్దకడుబూరు, ఆస్పరి వైపు పల్లెల నుంచి వచ్చి ఊరి చివర గుడిసెలు వేసుకున్నవాళ్ళు, తెలుగు సగం కన్నడం సగం మాట్లాడే హొళగుందవాళ్ళు. ఏరినదాన్ని తూకం వేసి కూలి కట్టేవాళ్ళం. అందుకని ఏ వారం ఎవరికి ఎంత వస్తుందో వాళ్ళకూ నాకూ తప్ప మూడోవాళ్ళకు తెలిసే వీలు లేదు.

తెలిసే వీలు లేకుండా చేసింది నేను కాదు, ఆడకూలీల పెద్ద. ఆమె ఆదోనిలోనే పుట్టి పెరిగిన ముస్లిం, ముసలామె. అందరూ ఖాలా అనేవాళ్ళు, పిన్నమ్మ అని. ఆమె భర్త బతికున్న రోజుల్లో పత్తి యార్డులో దలాలీ. నేను మొదటి శనివారం బల్ల ముందు కూచుని, నాకు తెలిసిన పద్ధతిలో పేరు పిలిచి, మొత్తం గట్టిగా చదివి, నోట్లు అందరికీ కనపడేలా లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. నాకది నిజాయితీ అనిపించింది. ఇద్దరు ముగ్గురికి ఇచ్చేసరికి ఖాలా వచ్చి తన భుజం మీది తువ్వాల తీసి నా చేతుల మీద, నోట్ల మీద కప్పేసింది.

"ఏం బాబా, నీ పెండ్లాము రవిక కొలత కూడా బజార్లో ఇట్లనే అరుస్తావా?"

నాకింకా పెళ్ళి కాలేదన్నాను.

"అయితే ఇప్పుడే నేర్సుకో. అయినంక నేర్సుకుంటే దెబ్బలు పడతాయి."

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ రోజు నుంచి ఆ మిల్లులో కూలి తువ్వాల కిందే.

ఆదోని పత్తి యార్డులో ఆ పద్ధతి పాతదే. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి ఒక గుడ్డ కింద కలుస్తాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ వందమంది నిలబడినా గుడ్డ కదలడం తప్ప ఏమీ కనపడదు. బహిరంగ వేలం పాటలు వచ్చాక కూడా పాత దలాలీలు ఒక మూల నిలబడి అట్లాగే బేరం చేసేవాళ్ళు. ఖాలా దాన్ని కూలికి తెచ్చింది. పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సు పక్కన చిన్న గదిలో నేను కూచుంటాను. ఒక్కొక్కరే లోపలికి వస్తారు. మొత్తం ఎంతో వచ్చినామెకు మాత్రం వినపడేలా చెబుతాను. పది రూపాయల నోటుకు రెండు మడతలు, అయిదు రూపాయల నోటుకు ఒక మడత, రూపాయి నోట్లు మడత లేకుండా. ఆమె తువ్వాల కిందే వేళ్ళతో తడిమి చూసుకుంటుంది. తక్కువనిపిస్తే బల్లను తడుతుంది. సరిగా ఉంటే వేలిముద్ర వేసి, కొంత కొంగున కట్టి, కొంత రవికలో దోపి పోతుంది.

గేటు బయట శనివారం సాయంత్రం ఒక సంత. మొగుళ్ళు, అత్తలు, మరుదులు, కంతుల మీద చీరలమ్మేవాడు, మట్కా చీటీలు రాసేవాడు. బయటికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడిగే మాట ఒకటే.

"ఎంత వచ్చె?"

"ఇరవై రెండు."

"పోయిన వారం ఇరవై ఆరు కదా?"

"పత్తి తేమగా ఉండాది. ఏరుడు సాగల్యా."

అయిపోయింది. అతడు నమ్మకపోయినా చేసేదేమీ లేదు. నాకు తెలుసు ఆమెకు ఇరవై ఆరే వచ్చిందని. ఆ నాలుగు రూపాయలు రవికలో ఉన్నాయి. వాటితో బుధవారం కిరసనాయిలు వస్తుంది, పిల్లకు జ్వరం మందు వస్తుంది. అది మోసం అనేవాళ్ళు ఆ నాలుగు రూపాయలు లేని బుధవారం ఆ ఇంట్లో ఉండి చూడాలి. డబ్బున్నవాడికి డబ్బు ఖర్చు పెట్టే హక్కు ఒక్కటే హక్కు కాదు. నా దగ్గర లేదు అని చెప్పగలగడం కూడా ఒక హక్కే. పేదవాళ్ళకు ఆ రెండోదే ఎక్కువ అవసరం, ఎందుకంటే వాళ్ళను అడిగేవాళ్ళంతా సొంతవాళ్ళే.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మిల్లుకు దగ్గర్లో ఒక బ్యాంకు శాఖ తెరిచారు. దానికి ఆఫీసరుగా ముప్పై ఏళ్ళు కూడా నిండని ఒకాయన కోస్తా వైపు నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదు, చెడ్డవాడు అంతే కదా అనుకుని ఊరుకునేవాణ్ణి. ఈయన చాలా మంచివాడు. ఎండలో సైకిలు మీద వచ్చేవాడు, నేల మీద కూచుని ఆడవాళ్ళ ఫారాలు తానే నింపేవాడు. వాళ్ళను బాగుచెయ్యాలని ఆయనకు నిజంగానే ఉండేది. పైవాళ్ళు ఇచ్చిన ఖాతాల కోటా నింపాలని కూడా ఉండేది. ఈ రెంటికీ మధ్య తేడా ఆయనకు ఎప్పుడూ కనపడలేదు.

మా మిల్లు సేటుకు కావలసింది ఓవర్‌డ్రాఫ్టు. కూలీలందరి ఖాతాలూ తెరిపిస్తే అది దొరుకుతుంది. ఇంకేముంది, ఒక సోమవారం సేటు చెప్పాడు, వచ్చే వారం నుంచి కూలి బ్యాంకులోనే అని. కూలీలను ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు. నేను లిస్టు రాసి పంపడం, శనివారం వాళ్ళు బ్యాంకుకు పోయి తీసుకోవడం.

ఆడవాళ్ళలో ఈ ఏర్పాటు నచ్చిన మనిషి ఒకామె ఉంది. మిషనుకు పత్తి పెట్టేది. క్రైస్తవులు. పెద్దకడుబూరు దగ్గర పల్లె నుంచి వచ్చి ఆదోనిలో స్థిరపడ్డారు. భర్త పత్తి యార్డులో హమాలీ. తాగడు, ఆడడు, పెళ్ళాం మీద చెయ్యి ఎత్తడు. అతనిలో ఉన్న లోపం ఒకటే, పల్లెలో ఉన్న వాళ్ళ అన్న ఏది అడిగినా కాదనలేడు. తల్లీతండ్రీ పోతే ఎత్తుకుని పెంచిన అన్న. అన్నకు కొంచెం మెట్టభూమి ఉంది. దాంట్లో నీళ్ళు పడాలని ఆయన ఆశ. ఆ ఆశలో తమ్ముడి కూలి ఎంత కలిసిపోయిందో ఆమెకు తెలుసు.

ఆమెకు ఒక కూతురు, చదువులో చురుకైనది. పదో తరగతి అయ్యాక మిషనరీల ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకు పంపాలని తల్లి కోరిక. హాస్టలుకు, బట్టలకు, చేరేటప్పుడు కట్టవలసినదానికి కలిపి ఎంతవుతుందో ముందే కనుక్కుని పెట్టుకుంది. ఖాతా తెరిచే రోజు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"అన్నా, ఈ బుక్కులో ఎంత ఉండాదో ఎవరన్నా పోయి అడిగితే బ్యాంకోళ్ళు సెప్తారా?"

"నాకు తెలీదు. కనుక్కుంటా."

"నా మొగుడు అడిగితే?"

"అదీ కనుక్కుంటా."

ఆఫీసరును అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పాడు, "ఎవరికీ చెప్పమండీ. భర్త అడిగినా చెప్పం. అది మా వృత్తి ధర్మం." ఆ మాట అట్లాగే తీసుకుపోయి ఆమెకు చెప్పాను.

"అయితే రవిక కన్నా ఇదే మేలు," అంది. పాసుబుక్కు ఖాలా దగ్గర ఉంచుకుంది. వారానికి ఇంత అని అందులోనే వదిలేసింది. ఇంట్లో పత్తి తేమ, ఏరుడు సాగల్యా అనే మాటలకు ఆమె మిషను మీద పని కాబట్టి వీలులేదు. మిషను ఆగింది, బెల్టు తెగింది అని చెప్పేది. మూడేళ్ళలో మా మిల్లు బెల్టు ఎన్నిసార్లు తెగిందో వింటే ఫిట్టరు గుండె ఆగేది.

ఆమె కూతురు పదో తరగతి పాసైంది. ట్రైనింగులో సీటు వచ్చింది. జూన్ నెలాఖరులోగా డబ్బు కట్టి చేరమని కార్డు వచ్చింది. సరిగ్గా అప్పుడే బ్యాంకువాళ్ళకు పొదుపు సభ పెట్టాలని బుద్ధి పుట్టింది.

మిల్లు ఆవరణలోనే షామియానా వేశారు. రేకుల షెడ్డు మీద మైకు గొట్టం కట్టారు. కూలీలు కుటుంబాలతో రావాలి, లడ్డూలు పంచుతారు, బాగా పొదుపు చేసిన ముగ్గురికి స్టీలు బిందెలు ఇస్తారు అని ముందురోజే రిక్షాలో మైకు పెట్టి చాటారు. కర్నూలు నుంచి పెద్ద ఆఫీసరు వస్తాడన్నారు. జనం బాగా వచ్చారు. ఆమె భర్త ముందు వరుసలో కూచున్నాడు. పక్కన వాళ్ళ అన్న. ఆ రోజు విత్తనాల కోసం ఆదోనికి వచ్చాడట, లడ్డూ పెడతారు రా అని తమ్ముడే తీసుకొచ్చాడు. నేను పక్కన స్టూలు మీద కూచుని బిందెలను చూస్తున్నాను. మంచి బిందెలే. బహుమతి పేరు చదివి బిందె ఇచ్చేస్తారనుకున్నాను. పేరు దాకా నాకూ అభ్యంతరం లేదు.

మూడో బహుమతి, రెండో బహుమతి అయ్యాయి. పేర్లతో పాటు మొత్తాలు కూడా చదివారు. అవి చిన్న మొత్తాలు, జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మా ఆఫీసరు మైకు దగ్గరకు వచ్చి, గొంతు సవరించుకుని, మొదటి బహుమతి అని ఆమె పేరు చదివి, ఊరి పేరు చదివి, "ఈమె ఖాతాలో ఈనాటికి నిల్వ, అక్షరాలా వెయ్యిన్నూట నలభై రూపాయలు!" అన్నాడు.

చప్పట్లు మోగాయి. నేను ఆమె భర్తను చూశాను. మొదట నవ్వాడు. పెళ్ళాం గెలిచిందని నిజంగానే సంతోషించాడు. తర్వాత నవ్వు అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నవ్వడం మానేశాయి. వాళ్ళ అన్న తినబోయే లడ్డూ చేతిలోనే పెట్టుకుని తమ్ముడి వైపు తిరిగాడు.

ఆమె లేచి నిలబడింది. బిందె కోసం రాలేదు.

"అది నాది కాదప్పా. నాకాడ యాడిది అంత దుడ్డు? పేరు తప్పు రాసుకున్నారు."

ఆఫీసరు నవ్వి, "భయపడకమ్మా, నీదే. రా," అన్నాడు.

"కాదంటే కాదు. నేను కూలిదాన్ని. ఎవరిదో నా పేర రాసినారు."

కర్నూలు ఆఫీసరు ముందుకు వంగి, "ఏమిటయ్యా ఇది, బినామీ ఖాతాలా?" అన్నాడు. ఆ మాట కూడా మైకులో వినపడింది. మా ఆఫీసరు ముఖం ఎర్రబడింది. ఆయన కోటా, ఆయన సభ, ఆయన పేరు అన్నీ ఒక్క ఆడమనిషి 'నాది కాదు' అనే మాటకు పడిపోయేలా ఉన్నాయి. అప్పుడు ఆయన చేసిన పని నేను చచ్చేదాకా క్షమించను. బల్ల మీది కాగితం తీసి, ఆ డబ్బు ఆమెదేనని రుజువు చెయ్యడానికి, ఆమె ఖాతా మొత్తం మైకులో చదవడం మొదలుపెట్టాడు. ఫలానా తేదీన కూలి ఇంత, తీసుకున్నది ఇంత, మిగిలింది ఇంత. తర్వాతి వారం ఇంత, తీసుకున్నది ఇంత. బెల్టు తెగిన వారాలన్నీ వరసగా బయటపడ్డాయి.

ఆమె తల వంచలేదు. మొగుడి వైపు కూడా చూడలేదు. నన్ను చూసింది.

నేను లేచి వెళ్ళి మైకు పెట్టె దగ్గర వైరు పీకాను. గొట్టం గుర్రుమని ఆగిపోయింది. వెనక పిల్లలు కేకలేశారు. ఆఫీసరు ఆగలేదు. మైకు లేకుండానే చదివాడు. గొంతు మంచిది, వెనక వరుస దాకా వినపడింది. చివరి వారం దాకా చదివి, కాగితం మడిచి, "ఇప్పుడైనా ఒప్పుకుంటావా తల్లీ?" అన్నాడు.

ఆమె వచ్చి బిందె తీసుకుని పోయింది. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు.

సేటు మరునాడు నన్ను పిలిచి, మైకు పెట్టె రిపేరు నా జీతంలో పట్టుకుంటానన్నాడు. సరే అన్నాను. కూలి మళ్ళీ చేతికే ఇద్దామని అడిగాను. "నీకు కోపమొచ్చిందని నా ఓవర్‌డ్రాఫ్టు పోగొట్టుకోవాల్నా?" అన్నాడు. అది దాచకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు ఆఫీసరు మీద ఉన్నంత కోపం లేదు.

ఆ సాయంత్రమే ఆమె భర్త, వాళ్ళ అన్న గేటు దగ్గరకు వచ్చారు. నేను గదిలో ఉన్నాను, కిటికీ గేటు వైపే. అన్న అరవలేదు, తిట్టలేదు. దండం పెట్టాడు.

"యమ్మా, దేవుడే నీకాడ దాసిపెట్టినాడు. బోరు బండోడికి మాటిచ్చేసినా. సగం దుడ్డు నాకాడ ఉండాది. కొబ్బరికాయ పట్టి సూసినోడు ఈ తూరి తప్పదన్నాడు. అరసేతిలో కాయ నిట్టనిలువుగా నిలబడె."

"అది బిడ్డ సదువుకు బావా. నెలాకరుకు కట్టల్ల."

"సదువు యాడికి పోతాది తల్లీ? వాన పోతాండాది. నీళ్ళు పడనీ, నీ బిడ్డను నర్సు కాదు, డాక్టరే సదివిస్తా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వు సెప్పు."

అతడు నేల చూశాడు. "మాయన్న నన్ను సంకనేసుకుని పెంచినాడు. ఎట్ల ల్యాదనేది? ఊరంతా ఇన్నాది గదా."

వాళ్ళు పోయాక ఆమె కిటికీ దగ్గరకు వచ్చింది. ఏడవలేదు. "అన్నా, నిన్నటి దాకా ల్యాదంటే నమ్ముతాండ్రి. ఇప్పుడు ల్యాదంటే అబద్దం. ఇయ్యనంటే మనిసినే కాదు. నేనేం సెప్పల్ల?"

ఖాతా ఆమె పేరు మీదే ఉంది. చట్టం ప్రకారం ఆమె వేలిముద్ర లేకుండా ఎవరూ పైసా తీయలేరు. చట్టం గేటు దగ్గర నిలబడదు. ఆమె ఆ మొగుడితో, ఆ బావతో, ఆ పల్లెతో బతకాలి.

బ్యాంకుకు పోయి ఆఫీసరును అడిగాను, ఎవరికీ చెప్పమన్నారు కదా అని.

"మేమెవరికీ చెప్పలేదండీ. అభినందించాం," అన్నాడు.

"ఖాతా అంతా చదివారు."

"ఆమె కాదంటే ఏం చెయ్యను? అయినా మంచి పని నలుగురికీ తెలిస్తే తప్పేమిటి? దాచిపెట్టుకోవడానికి అదేమన్నా దొంగసొమ్మా?"

"అయితే మా సేటుకు మీరిచ్చిన అప్పెంతో అది కూడా చదవండి. గొట్టం నేనే కడతా."

"అది వేరు," అన్నాడు. ముఖంలో కోపం కూడా లేదు, తెలియనివాడికి చెప్పినట్టు చెప్పాడు. "అది వ్యాపార రహస్యం."

చూశారా. సేటుదైతే రహస్యం. ఆమెదైతే దాపరికం. ఆ రెండు మాటల మధ్య తేడా నాకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు, ఆ బ్యాంకు బల్ల ముందు నిలబడి నేర్చుకున్నాను.

వచ్చిన శనివారం మిల్లు ఆడవాళ్ళందరూ ఖాలా వెనక బ్యాంకుకు పోయి, ఖాతా మూతబడకుండా ఉండటానికి ఎంత ఉంచాలో అంత ఉంచి, మిగిలినదంతా ఇమ్మన్నారు. ఆఫీసరు బతిమాలాడు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. ఇంత మంచి చేస్తే ఇదా అన్నట్టు.

ఖాలా అంది, "బిందెలు కావాలంటే అవి కూడా తెచ్చిచ్చేస్తాం బాబూ. నీవు అరిసిన మాట మాత్రం నీవు తిరిగి నోట్లో ఏసుకో. ఏసుకోగలవా? అది కాదు కదా? అయితే దుడ్డియ్యి."

ఇచ్చారు. క్యాషియరు మాత్రం అలవాటుగా ఒక్కొక్కరి మొత్తమూ కేకేసి చెప్పే ఇచ్చాడు. గేటు దగ్గర ఉండే శనివారపు సంత అప్పటికే బ్యాంకు మెట్ల మీదికి మారిపోయింది. మొగుళ్ళు, అత్తలు, కంతులవాడు అందరూ అక్కడే. ఇక ఎంత వచ్చె అని అడిగేవాళ్ళు లేరు. చెయ్యి చాపేవాళ్ళే, పాసుబుక్కు కోసం. ఆ ఏడాది మిల్లు ఆడవాళ్ళలో ఇద్దరు బుధవారం నా దగ్గర కిరసనాయిలుకు చేబదులు అడిగారు. అంతకు ముందు వాళ్ళు నన్నెప్పుడూ అడిగినవాళ్ళు కారు.

బోరు వేసే రోజు ఆదివారం. నేను పోకుండా ఉండలేక ఆ పల్లెకు పోయాను. బండి గుడగుడమంటూ చాలాసేపు తవ్వింది. తెల్లటి రాతి పొడి లేచి చేను మీద, ఎద్దుల మీద, మా మీద పడింది. తడి తగల్లేదు. ఇంకా లోతుకు పోదామా అని బండివాడు అడిగాడు, లోతుకు ఇంత అని డబ్బు చెప్పి. అన్న తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు పెళ్ళాన్ని చూశాడు. ఆమె కొంగు విప్పి మిగిలినది కూడా ఇచ్చింది. పొడే వచ్చింది. బండి వెళ్ళిపోయాక ఆ అన్న ఆ గుంత పక్కనే తలపాగా తీసి కూచున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. నీళ్ళు లేని మనిషి నీళ్ళడిగాడు, అంతే. అడగడానికి అక్కడ డబ్బుందని ఆయనకు చెప్పిందెవరు?

ట్రైనింగువాళ్ళు కొన్ని రోజులు గడువిచ్చారు. మేం కొందరం చందాలు వేసుకున్నాం. కావలసినదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. సీటు ఇంకెవరికో ఇచ్చారు.

బస్టాండులో మాట్లాడిన పిల్లవాడు ఇంకొకటి కూడా చెప్పాడు. రేపు నోటే కనపడదట. బియ్యానికి, బస్సుకు, టీకి కూడా డబ్బు కాగితం మీద అంకెగానే ఒక చోట నుంచి ఇంకో చోటికి పోతుందట. దొంగతనం ఉండదు, చిరిగిన నోట్ల బాధ ఉండదు అన్నాడు. కావచ్చు. నేను లెక్కలవాణ్ణి, లెక్క సులువయ్యేదాన్ని వద్దనను. నాయనా, ఆ అంకె ఎవరెవరి బల్ల మీదుగా పోతుంది, ఆ బల్ల వెనక కూచున్నవాడి నోరు ఎట్లాంటిది, అది చెప్పు ముందు. నోటుకు నోరు లేదు. అదెవరి రవికలో ఉందో అది చెప్పదు. మీరు చెయ్యబోయే అంకెలన్నిటికీ నోరుంటుంది. ఆ నోరు సేటుగారి దగ్గర మూసుకుంటుంది, కూలిమనిషి దగ్గర తెరుచుకుంటుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. మీకు జీతం పెరగడానికి, కోటా నిండడానికి, పైవాళ్ళ ముందు పరువు నిలవడానికి ఆ నోరు తెరవాలనిపించే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మీరు చాలా మంచివాళ్ళుగానే ఉంటారు.

మరుసటి పత్తి కాలంలో మిల్లులో కొత్త ఆడపిల్లలను తీసుకున్నారు. ఆమె కూతురు కూడా వచ్చింది, చెత్త ఏరడానికి. నేనే పేరు రాశాను. కొత్తవాళ్ళ ఖాతాల ఫారాలు నింపడానికి ఆఫీసరు తానే వచ్చాడు, ఎప్పటిలాగే నేల మీద కూచుని, ఓపికగా. అందరూ వేలిముద్రలు వేస్తున్నారు. ఈ పిల్ల పెన్ను తీసుకుని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ గుండ్రంగా సంతకం చేసింది. ఆయన చాలా సంతోషించాడు.

"ఎంత వరకు చదివావమ్మా?"

"పది పాసైనా సార్."

"అయ్యో, ఇంత చక్కగా చదువుకుని చెత్త ఏరడానికి వచ్చావే? ఏ నర్సు ట్రైనింగుకో పోకూడదూ?"

ఆ పిల్ల ఫారం ఆయన వైపు జరిపింది. "పోవల్లనే అనుకున్యాం సార్. మాయమ్మ దుడ్డు కూడబెట్టినాది. మీరు మైకులో సదివినారు గదా."

ఆయన పెన్ను మూత పెడుతూ తలెత్తి, ఎంతో ఆదరంగా అడిగాడు. "ఏ మైకులో అమ్మా?"